ముద్దాయి గీత

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే నన్ను ఫ్యూజక్క అంటారు, చాటుగా కాదు, ముఖం మీదే. ఆ పేరుకు ఇంకో కారణం కూడా ఉంది. మేం తయారుచేసేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్. అందులో తొమ్మిదేళ్ళుగా నా పని కరెంటు తీసెయ్యడం. గోడ పక్కన పన్నెండు కంప్యూటర్లు వరుసగా ఉంటాయి. అవి ఫైళ్ళు రాస్తూ, చెరిపేస్తూ, మళ్ళీ రాస్తూ ఉండగా నేను ఎర్ర స్విచ్చు నొక్కి వాటికి కరెంటు ఆపేస్తాను. మళ్ళీ ఇస్తాను. అవి లేచాక డిస్కులో ఏం మిగిలింది, ఏం పోయింది చూసి రాస్తాను. రోజుకు రెండు వందల సార్లు. బుర్రలో గుజ్జున్న మనిషి తొమ్మిదేళ్ళు చెయ్యాల్సిన పనేనా ఇది? నన్ను అక్కడ కూర్చోబెట్టింది మాస్టారు.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే ఆయన కాదు. మా సిస్టమ్‌లో ఫైళ్ళు దాచే భాగాన్ని మొదటి అక్షరం నుంచీ రాసిన మనిషి. మాలో సగం మందికి పని నేర్పింది ఆయనే, నాతో సహా. అందుకని అందరూ మాస్టారంటారు. నేనూ అంటాను, పళ్ళు కొరుక్కుంటూ.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒక తప్పు సరిచేస్తే దానితోపాటు ఓ కాగితం రాయాలి. మూడే వాక్యాలు. చెడింది ఏమిటి, ఎవరు చేసిన మార్పు వల్ల చెడింది, ఆ సంగతి ఏ రోజున తెలిసింది. రెండో వాక్యాన్ని మేం ముద్దాయి గీత అంటాం. ప్రతి గురువారం పొద్దున పదింటికి అందరం హాల్లో చేరతాం. ముద్దాయి గీతలో ఎవరి పేరుంటే వాళ్ళే లేచి నిలబడి ఆ కాగితం పైకి చదవాలి. ఇది మాస్టారు పెట్టిన పద్ధతే. మన తప్పు మన నోటితో చెప్పుకుంటే ఇంకోసారి చెయ్యమని ఆయన నమ్మకం. మామూలుగా అయితే అందరం నవ్వుకుంటూ చదివేసి కూర్చుంటాం. తొమ్మిదేళ్ళ కిందట నేను చదివింది అలా నవ్వుకునేది కాదు. పైగా అది నా తప్పు కాదు.

మా అక్క, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పుతుంది. వారం వారం వాళ్ళ గొంతు రికార్డు చేసి, ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో ఫైలుగా దాచిపెట్టుకునేది. ఆరేళ్ళ పని. మా సిస్టమే వాడవే, మనింటి సరుకు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆమె కంప్యూటర్‌లో దాన్ని నేనే ఎక్కించాను. అక్క దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయన పోయాక భార్యా పిల్లలూ వచ్చి, ఆయన గొంతు ఒక్కసారి వింటామన్నారు. అక్క కుర్చీలు వేసి కూర్చోబెట్టి వినిపించింది. రికార్డులో ఆయన భార్య పేరు పలకబోతున్నాడు. మొదటి అక్షరం దగ్గర తడుముకుంటున్నాడు. ఇక పేరు వచ్చేస్తుందనగా మధ్యలో ఇంకెవరిదో దగ్గు, ఇంకెవరిదో గొంతు, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం. అక్క కంగారుపడి ఆయనదే ఇంకో వారం రికార్డు పెట్టింది. అదీ అంతే. ఆ ముసలావిడ ఏడవలేదట. "మా ఆయన గొంతు ఏం చేశావమ్మా?" అని మాత్రం అడిగిందట.

జరిగిందేమిటంటే, మా సిస్టమ్ ఒకే చోటును రెండు ఫైళ్ళకు ఇచ్చేసింది. డిస్కంటే వరసగా కట్టిన చిన్న చిన్న గదులనుకోండి. మేం వాటిని బ్లాకులంటాం. ఏ ఫైలు రాయాలన్నా ఖాళీ బ్లాకులు వెతికి ఇవ్వాలి. ఒకరు ఖాళీ చెయ్యని గది ఇంకొకరికి ఇస్తే ఆ సామాను మీద ఈ సామాను పడుతుంది.

సరిగ్గా ఆ నెలలోనే బ్లాకులు పంచే చోట నేనొక మార్పు చేసి ఉన్నాను, కొత్తగా ఖాళీ అయిన బ్లాకులే ముందు ఇవ్వాలని. అలా ఇస్తే పని చురుగ్గా సాగుతుంది. మాస్టారు నా మార్పు తీసేసి చూశారు. తప్పు మళ్ళీ కనపడలేదు. ఇంకేం, ముద్దాయి దొరికింది. నా మార్పులో ఏ తప్పూ లేదని, అసలు కారణం ఇంకెక్కడో ఉందని, రెండు వారాలిస్తే పట్టుకుంటానని కాళ్ళావేళ్ళా పడ్డాను. "తీసేస్తే పోయింది కదమ్మా, ఇంకా ఏం వెతుకుతావు?" అన్నారు. ఆ గురువారం అరవై మంది ముందు నిలబడి నా పేరు నేనే చదువుకున్నాను. తల కొట్టేసినట్టయింది. మర్నాడు నా కుర్చీ పన్నెండు కంప్యూటర్ల గదిలోకి మారింది.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని, మూడో రోజుకి ఇద్దరం ఒక్కటైపోయేవాళ్ళం. నీ పేరే రాశారటగా అని ఒక్క మాట అడిగింది. కాదని ఎలా అనను, నా నోటితో నేనే చదివి వచ్చాను. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పిల్లల చదువుల గురించి రెండు ముక్కలడిగి పక్కకు తప్పుకునేది. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్ళం. ఆ మనిషి నన్ను పొరుగింటావిడని పలకరించినట్టు పలకరిస్తుంటే కడుపు రగిలిపోయేది. అక్క మీద కాదు. మాస్టారి మీద.

దాంతో పగబట్టాను. ఇంకో మంచి మాటేదీ దానికి నేను వెతకను. నా పని నేను చేస్తూనే పన్నెండో కంప్యూటర్‌ను సొంతానికి వాడుకున్నాను. తప్పు మా సిస్టమ్ లోపలే ఉంది, బయటికి రావడం లేదంతే. మాస్టారు రాసిన ప్రతి వరుసా చదివాను. మా ఆయన స్కూటర్లు బాగుచేసే షెడ్డు నడుపుతారు. నువ్వు పెళ్ళాడింది నన్నా, ఆ మాస్టార్నా అని ఎగతాళి చేసేవారు. రోజూ నోటికొచ్చేది ఆ పేరేనట.

మొన్న ఒక శుక్రవారం పొద్దున ఒక ఆలోచన తట్టింది. కొత్తగా ఖాళీ అయిన బ్లాకులే ముందిచ్చినప్పుడు ఆ తప్పు బయటపడింది. ఇప్పుడు మా సిస్టమ్ అలా ఇవ్వదు. కానీ డిస్కు నిండిపోయి, గత్యంతరం లేకపోతే? అప్పుడు ఇవ్వక చస్తుందా? పన్నెండు డిస్కులనూ పీకల దాకా నింపి, ఫైళ్ళు రాయిస్తూ స్విచ్చు నొక్కాను. మూడో నొక్కుకే ఏడో కంప్యూటర్‌లో ఒక ఫైలు కడుపులో ఇంకో ఫైలు ముక్క కనపడింది. కుర్చీ వెనక్కి పడిపోయేంత విసురుగా లేచాను.

సంగతి ఇదీ. మీరు ఒక ఫైలును మార్చి దాచుకున్నప్పుడు సిస్టమ్ కొత్త ప్రతి రాసి, పాత ప్రతిని తీసేస్తుంది. తీసేశానని ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా డిస్కు మీదికి చేరడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఈలోగా కరెంటు పోతే కొత్తది పోయినా పాతది భద్రంగా ఉంటుందని మేం మాట ఇస్తాం. మాస్టారి కోడు ఏం చేస్తోందంటే, చిట్టా చేరకముందే, తీసేసిన క్షణంలోనే ఆ బ్లాకులు ఖాళీ అని చెప్పేస్తోంది. ఆ ఐదు సెకన్లలో ఇంకో ఫైలు వచ్చి వాటి మీద రాసేస్తుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, పాత ప్రతి తిరిగి లేస్తుంది, కడుపులో పరాయి సరుకుతో. అక్క రికార్డులకు జరిగిందీ ఇదే. నా మార్పు ఈ తప్పును పుట్టించలేదు, పట్టిచ్చింది. నా మార్పు తీసెయ్యగానే అది మళ్ళీ లోపల నక్కింది.

ఎవరు, ఎప్పుడు అని పాత మార్పులన్నీ తిరగేశాను. పద్నాలుగేళ్ళ కిందట, బ్లాకులు ఖాళీ అని చెప్పే ఒక్క వరుసను పది వరుసలు పైకి జరిపారు. కింద పేరు మాస్టారిది. ఆ పేరు చూసి గదంతా రెండు చుట్లు తిరిగాను. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ కలుగుతుందో లేదో.

సరిచెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఖాళీ అయిన బ్లాకులను వెంటనే ఎవరికీ ఇవ్వకుండా ఒక పక్కన ఆపి ఉంచాలి, చిట్టా డిస్కు చేరాకే వదలాలి. రాశాను. కానీ డిస్కు నిండినప్పుడు, పక్కన అన్ని బ్లాకులు పెట్టుకుని కూడా చోటు లేదని ఏడుపు మొదలెట్టింది. చోటు లేదనేముందు చిట్టాను బలవంతంగా డిస్కు మీదికి తోసి, మళ్ళీ ఒకసారి వెతికేలా మార్చాను. ఆదివారం కూడా ఆఫీసుకు పోయి పన్నెండు కంప్యూటర్లకూ వందల సార్లు కరెంటు తీశాను. ఒక్కటీ చెడలేదు. మొత్తం కలిపి నలభై వరుసలు.

అప్పుడే ఇచ్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వచ్చే గురువారం చదివేవాళ్ళు, ఆ సాయంత్రానికి వాడేవాళ్ళందరికీ చేరేది. కానీ ఆ పై గురువారం మా సిస్టమ్‌కు ఇరవై ఐదేళ్ళు నిండుతున్నాయి. ఊళ్ళ నుంచి మనుషులొస్తారు, పాతవాళ్ళొస్తారు, వాడేవాళ్ళను కూడా పిలిచారు. మాస్టారికి సన్మానం. సన్మానానికి ముందు, ఎప్పటిలాగే పదింటికి, కాగితాలు చదవడం. మూడు వందల మంది ముందు ఆయనతో చదివించే అవకాశం ఉండగా అరవై మంది ముందు చదివించడానికి నేనేమన్నా వెర్రిదాన్నా? తొమ్మిదేళ్ళు ఆగినదాన్ని పదకొండు రోజులు ఆగలేనా?

మా ఆయనకు చెప్తే ముఖం అదోలా పెట్టారు. బ్రేకు లేదని తెలిసిన బండిని తాను గంటసేపు కూడా రోడ్డెక్కనివ్వనన్నారు. నాకు ఒళ్ళు మండింది. మీ బళ్ళ గోల ఇక్కడికి తేవద్దన్నాను. డిస్కు పీకల దాకా నిండాలి, ఆ ఐదు సెకన్లలోనే కరెంటు పోవాలి, పద్నాలుగేళ్ళలో ఎన్నిసార్లు జరిగింది అని లెక్క చెప్పాను. మామూలుగా వాదనలో నేను నెగ్గితే రెండో పూట దాకా సణుగుతారు. ఆ రోజు సణగలేదు.

ఆ పదకొండు రోజులూ నేను ఆఫీసులో మహా మంచిదాన్నయిపోయాను. మాస్టారు ఎదురైతే నవ్వుతూ నమస్కారం పెట్టాను. సన్మానానికి ఏం మాట్లాడతారని కూడా అడిగాను. ఏముందమ్మా, ఓపికగా ఉండమని చెప్తానన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను. గురువారం తొమ్మిదిన్నరకు నలభై వరుసలూ, కాగితమూ కలిపి ఇచ్చేశాను. మూడో వాక్యంలో, తెలిసిన రోజు అన్నచోట, ఆ రోజు తేదీ వేశాను.

పదింటికి హాలు కిటకిటలాడుతోంది. మాస్టారు కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు. కాగితం ఆయన చేతికి వెళ్ళింది. ముద్దాయి గీత చూసుకుని, లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివారు. నాకు ఆయన తడబడాలని ఉంది, నీళ్ళు నమలాలని ఉంది. ఆయన తడబడలేదు. చెడింది చదివారు. తన పేరు చదివారు. తేదీ చదివి, ఆగి, హాల్లో నన్ను వెతికారు. "ఇవాళే తెలిసిందా అమ్మా?" అని అడిగారు. ఇవాళే అన్నాను. నలభై వరుసలు ఒక పూటలో పుట్టవని ఆయనకు తెలియకుండా ఉంటుందా? కానీ తల ఊపి ఊరుకున్నారు.

కాగితం మడిచాక ఇంకో మాట చెప్పారు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే హాల్లో ఈమెను నిలబెట్టి, చెయ్యని తప్పు చదివించానని, రెండు వారాలు అడిగితే ఇవ్వలేదని, క్షమించమని అడిగే ముఖం కూడా తనకు లేదని. ఆ తర్వాత సన్మానం వద్దని చెప్పి పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. వేదిక మీద దండ పళ్ళెంలోనే ఉండిపోయింది. నా కళ్ళు చల్లబడ్డాయి. అబద్ధమెందుకు, మళ్ళీ మళ్ళీ తలుచుకుని మురిసిపోయాను.

సాయంత్రం ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేసి, ఆ తప్పు నాది కాదని తేలిందే అన్నాను. నా మాట ఒక్కసారైనా వినకుండా తొమ్మిదేళ్ళు పోగొట్టానని గొణిగింది. ఆదివారం మీ ఇంటికి వస్తానంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి భోరున ఏడ్చాను.

ఆదివారం పొద్దున్నే లేచి ఇల్లంతా కడిగాను. అక్కకు ఇష్టమైనవన్నీ వండుతున్నాను. తొమ్మిదింటికి ఫోన్‌లో ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన కొయ్యకాళ్ళు, కృత్రిమ కాళ్ళు తయారుచేసే చిన్న కార్ఖానా నడుపుతాడు. కాలు పోయినవాళ్ళ మోకాలి కింద మిగిలిన భాగాన్ని కొలిచి, ఆ ఆకారం కంప్యూటర్‌లో దాచి, దాన్నిబట్టి కాలు చేస్తారట. ఎనిమిది రోజుల కిందట, శనివారం నాడు, ఇద్దరి కొలతలు సవరించి దాచుకుంటుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అంతా మామూలుగానే కనపడింది. సోమవారం ఒక పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి కాలు చేసి ఇచ్చారు. ఆ కాలు పైసగం ఆమెది, కిందిసగం ఇంకొకరిది. కొత్త కాలు మొదట్లో ఇలాగే నొప్పి పెడుతుందేమోననుకుని ఆ పిల్ల రెండు రోజులు పంటి బిగువున నడిచింది. ఇప్పుడు పుండు పడి చీము పట్టింది. మూడు నెలల దాకా ఏ కాలూ తొడగకూడదన్నారు డాక్టర్లు.

ఆయన కోప్పడలేదు. ఆ డిస్కు నిండిపోతోందని తెలిసీ పట్టించుకోకపోవడం తన పొరపాటేనని రాశాడు. గురువారం సవరణతోపాటు వచ్చిన మీ కాగితం చూశాకే కారణం తెలిసింది, తెలిసిన రోజే సరిచేసి పంపినందుకు మీకు రుణపడి ఉంటాం అని ముగించాడు.

తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. అంతకు ముందు గురువారం నేను ఇచ్చేసి ఉంటే శనివారానికి రెండు రోజుల ముందే వాళ్ళకు చేరి ఉండేది.

పదకొండింటికి అక్క వచ్చింది. గుమ్మంలోనే నన్ను పట్టుకుని వదల్లేదు. లావయ్యావే అంది. నువ్వు మాత్రం ఏం తీసిపోయావు అన్నాను. వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలన్నీ తీసి చూసింది, చిన్నప్పటిలాగే. హాల్లో జరిగిందంతా మొదటి నుంచీ చెప్పమంది. చెప్పాను. మాస్టారు దండ వదిలేసి వెళ్ళడం దగ్గర నాతోపాటు తనూ పళ్ళు కొరికింది, బాగా అయింది అంది. ఆ తర్వాత అలవాటు కొద్దీ అడిగింది, ఈ తొమ్మిదేళ్ళలో నాలాగా ఇంకెవరికన్నా పోయిందా అని.

లేదని చెప్పేసి ఊరుకోవచ్చు. ఎందుకో ఫోన్ తీసి ఉత్తరం చేతికిచ్చాను. అక్క రెండుసార్లు చదివింది.

"ఈ పిల్లకు శనివారం జరిగింది. నీకెప్పుడు తెలిసింది?"

గురువారం అనడానికి నోరు తెరిచాను. కాగితంలో ఉన్నదదే. మాట రాలేదు. మాట రాని మనుషుల ఎదురుగా కూర్చోవడమే అక్క పని. తొందరపెట్టలేదు, మాట అందించలేదు, నా పెదాల వైపే చూస్తూ కూర్చుంది.

"అంతకు ముందు వారం శుక్రవారం" అన్నాను చివరికి. "ఆదివారానికి సరిచేసేశాను. ఆయన్ని అందరి ముందూ నిలబెట్టాలని ఆపాను."

అక్క ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

"మీ మాస్టారు తెలియక చేశాడే. నువ్వు తెలిసి ఊరుకున్నావు."

నాకు కోపం ముంచుకొచ్చింది. తొమ్మిదేళ్ళే అన్నాను, నా బతుకు స్విచ్చు దగ్గర తెల్లారిపోయింది, నువ్వు కూడా వదిలేశావు, ఆ మంటంతా నేనెక్కడ పోసుకోను అని అరిచాను. అక్క ఏదీ కాదనలేదు. అన్నీ నిజమేనంది. అవన్నీ ఆ పిల్లకు చెప్పుకోమంది.

"రాయి. నేనుండగానే రాయి."

బల్ల దగ్గర కూర్చున్నాను. మూడుసార్లు రాసి చెరిపేశాను. మొదటిసారి మాస్టారి గురించే పది వరుసలు వచ్చాయి. రెండోసారి అక్క గురించి. మూడోసారి నా కర్మ గురించి. నాలుగోసారి, తప్పు నాకు ముందే తెలుసు, మందు నా దగ్గర సిద్ధంగా ఉంది, ఒక మనిషిని అవమానించడానికి పదకొండు రోజులు దాచాను, మీరు నాకేమీ రుణపడి లేరు, ఆ అమ్మాయికి ఈ ఉత్తరం చూపించండి అని రాశాను. అక్క భుజం మీదుగా చదివి, పంపమంది. పంపాను.

పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తోంది. ఇద్దరం లేవలేదు. కాసేపటికి అక్క సంచీ తీసుకుని చెప్పులు వేసుకుంది. భోంచేసి వెళ్ళవే అన్నాను. ఇవాళ కాదులే అంది. మళ్ళీ ఎప్పుడని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

తొమ్మిదేళ్ళు అక్క ఉత్తపుణ్యానికి నాకు దూరంగా ఉంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ తల ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు ఆమె మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, పైన నిలబడి వెనక నుంచి అనడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు.